రాజహంసల నీళ్ళు, రొయ్యల నీళ్ళు

పాలెం మనిషి: పక్షుల్ని చూడటానికి మిమ్మల్ని రావద్దని నేననడం లేదు సార్. వచ్చి చూసి పోయేవాళ్ళతో మాకు తగాదా ఏముంటుంది? నేనంటున్నది వేరు. పులికాట్ పేరెత్తితే చాలు, పేపర్లో రాజహంస బొమ్మ వేస్తారు. గోడల మీదా అదే, బోర్డుల మీదా అదే. అరవై కిలోమీటర్ల పొడవున్న సరస్సు ఇది. దాని ఒడ్డునా, మధ్యలో తిప్పల మీదా ఎన్ని పాలేలున్నాయో మీకు తెలుసు. వల భుజాన వేసుకున్న మనిషి బొమ్మ ఒక్కచోటైనా చూశారా? బొమ్మలో లేనివాడు రేపు లెక్కలోనూ ఉండడు. నా భయమంతా అదే.

మాస్టారు: నీ భయంలో న్యాయముంది తమ్ముడూ. కానీ ఆ బొమ్మ కూడా లేకపోతే ఏమయ్యేదో ఆలోచించు. లోతులేని ఉప్పునీళ్ళు, ఎండాకాలం వస్తే పొక్కులు లేచే నేల. భూమి రికార్డు తిరగేసేవాడి కంటికి ఇది ఎందుకూ కొరగాని చోటు. అలాంటి చోటు కనపడితే ఒకడికి చెరువులు తవ్వాలనిపిస్తుంది, ఇంకొకడికి మట్టి తోలి మెరక చేయాలనిపిస్తుంది. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదేనని మనం చెప్పుకుంటాం. 'అయితే ఏంటి' అని అడిగేవాడికి చూపించడానికి అప్పట్లో చేతిలో ఉన్న సాక్ష్యం పక్షి ఒక్కటే. 1976లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది ఆ సాక్ష్యం చూపించే. ఆ మాట కాగితం మీద ఉండబట్టే ఈ నీళ్ళు ఇంకా నీళ్ళుగా ఉన్నాయి.

పాలెం మనిషి: కాగితం సంగతి కొల్లేరు వాళ్ళను అడగండి. అక్కడా పక్షుల పేరు మీదే 1999లో అభయారణ్యమన్నారు. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2006లో ఒక్కసారిగా పొక్లెయిన్లు దిగి చెరువు గట్లు తెగ్గొట్టాయి. అది తప్పో ఒప్పో నేను చెప్పబోను. కాగితం మీద పక్షి పేరు ఒకసారి పడ్డాక అది ఎప్పుడు ఎవరి మీదికి వస్తుందో అక్కడ బతికేవాడికి తెలియదు. నేను చెబుతున్నది అంతవరకే.

మాస్టారు: కొల్లేరులో తెగ్గొట్టింది వలల్ని కాదు, గట్లని. సరస్సును ముక్కలుగా కోసి నీళ్ళను కదలనివ్వకుండా చేసిన గట్లవి. వాటిలో చాలావాటి వెనక బయటివాళ్ళ పెట్టుబడి ఉంది. స్వేచ్ఛగా తిరిగే చేపను పట్టుకుని బతికేవాడికి అసలు దెబ్బ ఆ గట్లే. పక్షి కోసం చేశారని నువ్వంటున్నావు. ఆ పని వలవాడి కోసం కూడా జరగాల్సిందే.

పాలెం మనిషి: పెట్టుబడి పెట్టినవాడు ఇంకోచోట పెట్టుకున్నాడు. గట్టు మీద కూలి చేసుకున్నవాడికే ఆ పూట గడవలేదు. మీరు గట్టును చూస్తున్నారు, నేను గట్టు మీద నిలబడ్డవాణ్ణి చూస్తున్నా.

మాస్టారు: ఒప్పుకుంటాను. పక్షుల వైపు నుంచి మాట్లాడేవాళ్ళం ఆ తేడాను సరిగ్గా పట్టించుకోలేదు. అయినా ఒకటడుగుతాను. పులికాట్‌లో రేపు అలాంటి గట్లే పడితే మొదట అడ్డం పడేది ఎవరు? నీ పాలేనికి ఆ బలం ఉందా?

పాలెం మనిషి: లేదు. అందుకే మీతో మాట్లాడుతున్నా. కానీ అడ్డం పడే బలం మీకిచ్చిన చట్టమే మమ్మల్ని మా సరస్సులో పరాయివాళ్ళను చేసింది. మా తాత వల వేసిన చోటే నేనూ వేస్తున్నా. ఆయనకు అది బతుకు, నాకు అది అనుమతి. ఇవాళ ఎవరూ ఏమీ అనడం లేదు. అనాలనుకుంటే అనడానికి దారుంది. ఆ దారి ఉండాదని తెలిసి పడవెక్కేవాడి మనసు ఎట్లుంటుందో కారులో వచ్చేవాళ్ళకు తెలియదు.

మాస్టారు: కారులో వచ్చేవాళ్ళందరినీ ఒకే గాట కట్టకు. ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచీ సాగుతున్న పని అది. తెల్లారకముందే వచ్చి, చలిలో నిలబడి, ఒక్కో గుంపునూ లెక్కపెట్టి రాసేవాళ్ళకు ఎవరూ జీతమివ్వరు. ఈ ఏడు సూదితోక బాతులు తగ్గాయి, ఉత్తరం వైపు నీళ్ళు ముందే ఎండాయి అని నలుగురికీ తెలిసేది వాళ్ళవల్లే. సరస్సుకు జబ్బు చేస్తే మొదట తెలిసేది అక్కడే.

పాలెం మనిషి: మొదట తెలిసేది మాకు. మా ఆడవాళ్ళకు ఇంకా ముందు తెలుస్తుంది. యానాది ఆడవాళ్ళు నడుంలోతు నీళ్ళలో కూర్చుని, రెండు చేతులతో బురద తడుముతూ, వేలికి తగిలిన రొయ్యను తగిలినట్టే పట్టి బుట్టలో వేసుకుంటారు. బుట్ట తాడు పళ్ళతో కరిచిపట్టుకుంటారు, చేతులు ఖాళీగా ఉండాలి కదా. బురద ఎంత మెత్తగా ఉంది, ఎక్కడ గట్టిపడింది, ఏ చోట వాసన మారింది, అదంతా వాళ్ళ వేళ్ళకు తెలుసు. ఆ చేతుల్ని ఎవరు అడిగారు? మీ పుస్తకంలో పక్షి పేరు రాయడానికి గడి ఉంది, బురద గురించి రాయడానికి లేదు.

మాస్టారు: ఉండాలంటావు.

పాలెం మనిషి: ఉండాలనే అంటున్నా. ఇంకోటి కూడా. మీవాళ్ళు కారాపి, కెమెరా పట్టుకుని, బురదలోకి దిగి రాజహంసల దగ్గరికి నడుస్తారు. ఎగిరితేనే కదా రెక్కల్లో ఎరుపు కనపడేది! అందుకని ఎగరగొడతారు. మేం పక్కనే వల లాగుతుంటే అవి కదలవు. మమ్మల్ని రోజూ చూస్తున్నాయి. కొత్త మనిషి నేరుగా తమ మీదికి నడిచొస్తే మాత్రం గుంపు గుంపంతా లేస్తుంది.

మాస్టారు: దాన్ని నేను సమర్థించను. ఆ పని చేసేవాడు పక్షుల్ని చూసేవాడు కాదు. రాజహంస తినే తీరు నువ్వు రోజూ చూస్తున్నదే. ఉన్నచోటే బురద తొక్కుతూ గుండ్రంగా తిరుగుతుంది. మెడ వంచి, తలను తలకిందులు చేసి, ముక్కు పైభాగం నేలకు ఆనేట్టు ముంచుతుంది. నాలుక వెనక్కీ ముందుకీ ఆడుతుంటే నీళ్ళు లోపలికి వెళ్ళి బయటికి వస్తాయి. ముక్కు అంచున దువ్వెన పళ్ళలాంటి పొరలుంటాయి, నాచు తునకలూ సన్న పురుగులూ వాటికి చిక్కుకుంటాయి. అంత చిన్న తిండితో అంత పెద్ద ఒళ్ళు నింపుకోవాలంటే గంటల తరబడి తల ఎత్తకుండా తినాలి. పైగా ఉన్నచోటి నుంచి ఎకాఎకి లేవలేదు. నీళ్ళ మీద నాలుగు అంగలు పరుగెత్తితేనే గాలి అందుతుంది. ఒక్క ఫొటో కోసం వెయ్యి పక్షులు తిండి మానేసి పరుగెత్తాలి.

దానికంటే ఘోరం ఉల్లంకి పిట్టలది. పిడికిట్లో ఇమిడే పిట్ట. సైబీరియా ఉత్తరపు అంచున గుడ్లు పెట్టి ఇక్కడికొచ్చి చలికాలం గడుపుతుంది. మార్చి, ఏప్రిల్‌లో తిరిగి వెళ్ళేముందు ఒంట్లో కొవ్వు పట్టించుకోవాలి, దారిలో దాని ఇంధనం అదొక్కటే. ఆ నెలల్లో దాన్ని పదేపదే లేపినవాడు ఎక్కడో హిమాలయాలకు అవతల పడిపోయే పిట్టను ఇక్కడే చంపినట్టు. ఇది తెలిసినవాడే చూడటానికి రావాలి. తెలియనివాడికి చెప్పేవాడుండాలి.

పాలెం మనిషి: చెప్పేవాడెవడు? మాలో ఒకడు వెళ్ళి, 'సార్, అంత దగ్గరికి పోవద్దు' అంటే, 'నీకేం తెలుసు, నువ్వు చేపలు పట్టుకో' అంటారు.

మాస్టారు: అందుకే మీ పిల్లల్లో కొందరికి ఆ అధికారం రావాలి. చిలికా ఒడ్డున మంగళాజోడి అని ఒక ఊరుంది. ఒకప్పుడు అక్కడ బాతుల్ని విషం పెట్టి, ఉచ్చులు పన్ని చంపి అమ్మేవాళ్ళు. 2000 ప్రాంతంలో ఆ వేటగాళ్ళే మనసు మార్చుకుని కాపలాదార్లయ్యారు. ఇవాళ వాళ్ళే పడవలు నడుపుతారు, వాళ్ళే పక్షిని చూపిస్తారు, ఎంత దూరంలో ఆపాలో వాళ్ళే నిర్ణయిస్తారు. వచ్చినవాడు నోరు మూసుకుని వినాలి. పడవకిచ్చిన డబ్బు ఊళ్ళోనే ఉంటుంది. పులికాట్‌లో అది ఎందుకు కాదు?

పాలెం మనిషి: అక్కడ వేటగాళ్ళున్నారు కాబట్టి మారారు. మేం మారాల్సిందేముంది? గూడబాతులు నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్ళు పెడతాయి, పిల్లలకు మేతకోసం పులికాట్ మీదికొస్తాయి. ఒక్కో గూడబాతు మా నీళ్ళలోంచి ఎంత చేప ఎత్తుకుపోతుందో మాకు తెలియదా? ఒక్క రాయి విసిరామా? నేలపట్టు రైతులు కూడా అంతే, రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పైరుకు బలమని వాటిని తమ ఊరి సొత్తుగా చూసుకున్నారు. ఇదంతా ఏ పక్షుల పండగకీ ముందు నుంచీ ఉన్నదే. ఇప్పుడు మా పిల్లవాడికి టోపీ పెట్టి, ఇంగ్లీషులో నలభై పిట్టల పేర్లు నేర్పి, గైడన్నారనుకోండి. ఊళ్ళో ఎంతమందికి ఆ టోపీ దొరుకుతుంది? అక్టోబరు నుంచి మార్చి దాకా, అదీ వానలు పడిన ఏడు. ఈశాన్య వానలు మొహం చాటేస్తే నీళ్ళుండవు, నీళ్ళు లేకపోతే పిట్టలుండవు, పిట్టలు లేకపోతే మీరుండరు. వలకు నీళ్ళొక్కటే కావాలి. గైడుకు నీళ్ళూ పిట్టలూ మీరూ ముగ్గురూ కావాలి.

మాస్టారు: వలను వదిలేయమని ఎవరన్నారు? దానికి తోడుగా అంటున్నాను.

పాలెం మనిషి: తోడుగానే మొదలవుతుంది సార్. చూసేవాళ్ళకు ఏది అందంగా ఉంటే దానికి డబ్బొస్తుంది. నలుగురు గైడుల మాట ఊరి మాటయిపోతుంది. ఆ మీదట నలభై వలలు అక్కడ అడ్డంగా కనపడతాయి. మొదట తోసేసేది బయటివాడు కాదు, మా వాడే.

మాస్టారు: ఆ ప్రమాదం నిజమే. దానికి నా దగ్గర తయారు సమాధానం లేదు. కానీ పండగ సంగతి తీసుకో. 2001లో సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ మొదలుపెట్టారు. బడిపిల్లల్ని బస్సుల్లో నేలపట్టుకూ అటకానితిప్పకూ తీసుకెళ్తారు. నాయుడుపేట పక్క పల్లెలో పిల్ల, ఇంటికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న గూడబాతును మొదటిసారి టెలిస్కోపులో చూస్తుంది. ముక్కు కింద సంచీ, సంచీ మీద చుక్కలు, గూడబాతు పిల్ల తల్లి నోట్లో తల పెట్టి తినే తీరు, అంతా అరచేతి దూరంలో కనపడుతుంది. ఆ పిల్ల రేపు కలెక్టరే అవుతుందో, ఇంజనీరే అవుతుందో! ఈ సరస్సు మీద ఫైలు ఆమె ముందుకొచ్చిన రోజున ఆ చూపు పనిచేస్తుంది. చూడనివాడికి ప్రేమ ఎలా పుడుతుంది?

పాలెం మనిషి: ఆ పిల్ల సంగతి నాకూ బాగుంది. మా పిల్లలూ వెళ్ళారు, చూసి సంబరపడ్డారు. మైకులు ఊళ్ళో మోగుతాయి, పిట్టలకు దూరమే, దాంతో నాకు పేచీ లేదు. పండగ అయిపోయాక, సముద్రపు నీళ్ళు లోపలికొచ్చే మా ముఖద్వారం గురించి ఎవరూ అడగరు. అదే నా బాధ. పక్షుల పేరుతో ఇంతమంది ఒకచోట చేరతారు కదా, ఆ నీళ్ళు ఎందుకు తగ్గుతున్నాయో వేదిక మీద ఒక గంట మాట్లాడొచ్చు కదా?

(పక్షుల గురించి రాసే వ్యాసాల్లో ముఖద్వారం సంగతి రెండు వాక్యాల్లో ముగుస్తుంది. పులికాట్ మీద నడిచే వాదాలన్నిటికీ మూలం అక్కడే ఉందని నా నమ్మకం. అందుకని ఇక్కడి నుంచి వీళ్ళు మాట్లాడింది కత్తిరించకుండా ఇస్తున్నాను.)

మాస్టారు: నీ పక్షం పూర్తిగా చెప్పు. అడ్డురాను.

పాలెం మనిషి: సముద్రానికీ మాకూ మధ్య శ్రీహరికోట దీవి ఉంది. దాన్ని దాటి పోటు నీళ్ళు లోపలికి రావాలంటే ముఖద్వారాలే దారి. దక్షిణాన తమిళనాడులో పళవేర్కాడు దగ్గర ఒకటి, మన వైపు రాయదొరువు, కొండూరుపాలెం. మన వైపువి ఇసుక మేటలు వేసి పూడిపోతున్నాయి. రొయ్య సముద్రంలో పుడుతుంది. వెంట్రుకంత పిల్లగా ఉన్నప్పుడు పోటుతో లోపలికొచ్చి, ఈ సరస్సు నీళ్ళలో పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతుంది. తలుపు మూస్తే రొయ్య ఎక్కడి నుంచి వస్తుంది? స్వర్ణముఖి, కాళంగి, ఆరణి తెచ్చే మట్టి బయటికి పోదు, అడుగున పేరుకుంటుంది. వానలు ఆగాక కొత్త నీళ్ళు రావు, ఉన్న నీళ్ళు ఎండి ఉప్పు చిక్కబడుతుంది. వేసవికి ఉత్తరం వైపు మైళ్ళకు మైళ్ళు ఎండుతుంది. పడవను బురదలో భుజాలతో నెట్టుకుంటూ పోతాం. ముఖద్వారం తవ్వమని ఎన్నేళ్ళుగా అడుగుతున్నాం! అడిగినప్పుడల్లా ఎవరో ఒకరు 'అభయారణ్యం, పక్షులకు ఇబ్బంది' అంటారు.

మాస్టారు: ఇప్పుడు నా పక్షం విను. పక్షికి కావలసింది నీళ్ళు కాదు, నీళ్ళ లోతు. ఉల్లంకికి వేలెడు లోతు చాలు, అంతకుమించితే దానికి పనికిరావు. రాజహంసకు మోకాలి లోతు. తెడ్డుమూతి కొంగ ఆ రెండింటి మధ్య నీళ్ళను అటూ ఇటూ కోస్తూ పోతుంది. గూడబాతుకూ నీటికాకికీ లోతున్నా ఫరవాలేదు. పులికాట్‌కి ఇన్ని రకాలు రావడానికి కారణం ఇది పళ్ళెంలా ఉండటమే. చాలాచోట్ల మీటరుకు మించి ఉండదు, అంచుల్లో జానెడు. యంత్రాలు పెట్టి లోతుగా తవ్వి, ఆ మట్టిని తెచ్చి అంచుల్లోనే పోశారనుకో, రొయ్య బాగుపడొచ్చు, రాజహంసకు నిలబడే చోటుండదు. ముఖద్వారం తెరవొద్దని నేను అననే అనను. ఎండిపోయిన పులికాట్‌లో పక్షీ ఉండదు. ఎంత లోతున, ఎక్కడ దాకా, తీసిన మట్టి ఎక్కడికి, ఈ మూడూ తేలకుండా తవ్వొద్దంటాను.

పాలెం మనిషి: ఆ మూడూ తేలేలోపు మా పిల్లలు చెన్నై కంపెనీల్లో కాంట్రాక్టు కూలీలవుతారు. ఇప్పటికే అవుతున్నారు. జాగ్రత్తగా ఆలోచించడానికి మీకు టైముంది సార్. పక్షికీ టైముంది, ఇక్కడ నీళ్ళు లేకపోతే ఇంకో సరస్సుకు పోతుంది. మేం యాడికి పోవాలి?

మాస్టారు: పక్షికి ఇంకో సరస్సు ఉందని ఎవరు చెప్పారు? తీరం పొడుగునా అలాంటి చోట్లు ఒక్కొక్కటే పోతున్నాయి. రాజహంస గూడు కట్టేది గుజరాత్‌లోని కచ్ఛ్ రణ్‌లో. అక్కడా ఇక్కడా రెండుచోట్లా నీళ్ళు సరిగ్గా ఉంటేనే దానికి బతుకు. చిలికాలో ఏం జరిగిందో చూడు. అక్కడా ముఖద్వారం పూడింది, చేపలు పడిపోయాయి, చిత్తడి నేలల రక్షణకు పెట్టుకున్న రామ్‌సర్ ఒప్పందం కింద ఆపదలో ఉన్న చోట్ల జాబితాలోకి ఎక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. చేపలు, పీతలు, రొయ్యలు తిరిగొచ్చాయి. 2002లో ఆ జాబితాలోంచి పేరు తీశారు. తవ్వేముందు ఆటుపోట్లను కొలిచారు, ఉప్పును కొలిచారు. తొందరపడనందుకే ఫలించింది.

పాలెం మనిషి: నా మాటనే మీరు రుజువు చేస్తున్నారు. తవ్వారు, ఫలించింది.

మాస్టారు: తవ్వడంతో అయిపోలేదు. పక్షుల కోసం నలబన దీవిని అంతకుముందే విడిగా పెట్టారు, సీజన్‌లో పడవలు దూరంగానే ఆగాలి. పైగా ఆ ముఖద్వారం ఉన్నచోట ఉండలేదు, జరుగుతూ వచ్చింది. మన తూర్పు తీరంలో నైరుతి గాలుల అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెడుతూనే ఉంటాయి. ఈశాన్య గాలులు కొంత వెనక్కి తోస్తాయి, అయినా మొత్తమ్మీద ఉత్తరానికే. ఆ ఇసుక దారిలో నోరు తెరుచుకుని ఉన్న దేన్నైనా పూడుస్తుంది. రాయదొరువు ఒకసారి తవ్వితే సరిపోదు, తవ్వుతూనే ఉండాలి. అంత ఖర్చు ఏటా పెట్టాలంటే దేశమంతా ఈ సరస్సు వైపు చూస్తూ ఉండాలి. ఎవరి కోసం చూస్తారు? నీ రొయ్య కోసం చూడరు తమ్ముడూ, చెప్పడానికి కష్టంగా ఉంది. రాజహంస కోసం చూస్తారు.

పాలెం మనిషి: అదే కదా నేను మొదట అన్నది! మా బతుకుకు విలువ కట్టాలన్నా పక్షి సిఫారసు కావాలి. ఇంకో మాట కూడా వినండి. మీరు కారాపి నిలబడే రోడ్డు ఏది? సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును అడ్డంగా చీల్చుకుంటూ పోయేది. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు వేసింది. దేశానికి అవసరమే, కాదనను. కానీ ఉత్తరపు నీళ్ళనూ దక్షిణపు నీళ్ళనూ విడదీసింది ఆ కట్టే. కింద తూములున్నాయంటారు, సరస్సంతా కలిసి కదలడానికి ఆ తూములు చాలవు. మాకు ఊపిరాడకుండా చేసిన చోటే మీకు బాల్కనీ అయింది. ఇటు చూస్తే రాజహంసలు, అటు చూస్తే గూడబాతులు.

మాస్టారు: దానికి ఎదురు చెప్పలేను. ఆ రోడ్డు మీద నుంచి పక్షుల్ని చూసే ప్రతివాడూ మరిన్ని తూములు పెట్టమని అడగాలి. అడగనివాడికి అక్కడ నిలబడే హక్కు తక్కువ.

పాలెం మనిషి: హక్కంటే గుర్తొచ్చింది. పళవేర్కాడు వైపు పాడు పద్ధతి ఉంది. రొయ్య బాగా పడే చోట్లలో ఏ రోజు ఏ ఊరు, ఏ వల అని వంతులుంటాయి. కోర్టు లేదు, పోలీసు లేదు, ఊరి కట్టుబాటే. చూసేవాళ్ళకు కూడా అట్లాంటి పాడు పెట్టొచ్చు. ఏ చోట చూడాలి, ఏ నెలలో చూడకూడదు, రోజుకెన్ని బండ్లు, ఊరు చెబుతుంది. వచ్చినవాడు ఊరికి పన్ను కట్టి చూసి పోతాడు. అప్పుడు ఆ నీళ్ళు మీవీ కావు, అటవీ శాఖవీ కావు, అందరివీ అవుతాయి.

మాస్టారు: ఈ మాట నాకు బాగా నచ్చింది, కాని అందులో ఒక చీకటి మూల ఉంది. పాడులో వంతు ఎవరికి? ఒక్క కులం మగవాళ్ళకు. ఇందాక బుట్ట తాడు పళ్ళతో కరిచిపట్టుకున్న ఆడవాళ్ళ గురించి చెప్పావే, వాళ్ళకు పాడులో చోటుందా? వలలూ పడవలూ లేవు కాబట్టే వాళ్ళు చేతులతో పట్టుకుంటున్నారు. ఊరు చెబుతుందంటే ఊళ్ళో ఎవరు చెబుతారు? ప్రభుత్వ చట్టం నిన్ను పరాయివాణ్ణి చేసిందన్నావు. ఊరి చట్టం వాళ్ళను అలాగే చేసింది.

పాలెం మనిషి: ...నిజమే. శ్రీహరికోట అడవిలో తరాలుగా ఉన్న యానాదులను రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు కదిలించారని మేం ఊళ్ళో బాధగా చెప్పుకుంటాం. మా రేవులో వాళ్ళకు వంతుందా అని ఎవరూ అడగరు. పాడు మారాలి. అయినా మారాల్సింది మా లోపల, మా మాటతో. బయటివాడు వచ్చి మారిస్తే ఉన్నదీ పోతుంది.

మాస్టారు: పక్షుల చట్టం గురించి నేనూ అదే అంటున్నాను. మార్చుకుందాం, కొట్టేయొద్దు.

పాలెం మనిషి: సరే, ఒకటి సూటిగా అడుగుతాను. రేపు ముఖద్వారం తెరిచారు. నీళ్ళు నిండాయి, రొయ్య వచ్చింది, పాలెం నవ్వింది. లోతు పెరిగి ఒకటి రెండేళ్ళు రాజహంసలు తగ్గాయి. జనవరిలో మీ లెక్కలో అది తేలింది. బయటపెడతారా?

మాస్టారు: పెడతాను. పెట్టకపోతే అంతకుముందు రాసిన ప్రతి అంకె అబద్ధమవుతుంది.

పాలెం మనిషి: దాన్ని పట్టుకుని తవ్వడం ఆపమంటారు కదా?

మాస్టారు: నేననను. అనేవాళ్ళుంటారు. వాళ్ళ చేతికి కాగితం ఇచ్చేది మాత్రం నేనే, తప్పించుకోలేను.

పాలెం మనిషి: అయితే ఆ కాగితం మీద రెండో గడి గీయండి. పక్షులెన్ని అన్నదాని పక్కనే ఆ రోజు వలకెంత పడింది, నీళ్ళెంత లోతు, బురద ఎట్లుంది అని రాయండి. చెప్పడానికి మావాళ్ళు నీళ్ళలోనే ఉంటారు. రెండూ పక్కపక్కన ఉంటే ఒక్కదాన్నే చింపుకుపోవడం ఎవరికైనా కష్టం.

మాస్టారు: ఆ గడిలో మీ ఊళ్ళో నిజం చెబుతారా? ఏ చోట ఎంత పడిందో చెబితే పక్క ఊరు వస్తుంది. సన్నకన్ను వల వేసిన రోజున అదీ రాయాలి, రాస్తే శాఖవాళ్ళు వస్తారు. నా లెక్క నా మీదికి రాదు, నీ లెక్క నీ మీదికి రావచ్చు.

పాలెం మనిషి: అది ఆలోచించాలి. నేనొక్కణ్ణే ఇచ్చే మాట కాదు, ఊళ్ళో కూర్చోవాలి. ఆ కూర్చోవడంలో యానాది ఆడవాళ్ళు కూడా ఉండాలని మీరంటారు.

మాస్టారు: అంటాను.

పాలెం మనిషి: అప్పుడు ఇంకా ఆలస్యమవుతుంది.

మాస్టారు: అవుతుంది. జనవరి గణన మాత్రం ఆగదు. ఈ లోపల ఒక్క గడితోనే రాస్తాను.